దెబ్బ మీద పడాల్సింది వెలుగు: 8 బీమ్ లైట్లు, ఒక మిశ్ర చాపు (కేస్ స్టడీ)

ఆడిటోరియం వేదిక మీద రికార్డెడ్ ట్రాక్‌తో జరిగే డాన్స్ ఐటమ్ ఇది. ట్రాక్ నిడివి మూడు నిమిషాలకు కాస్త తక్కువ. మొదట తాళం లేని ఆలాపన, తర్వాత 4/4 నడక, మధ్యలో ఏడు అక్షరాల మిశ్ర చాపు తాళంలో జతులు, మళ్లీ 4/4లోకి వచ్చి ముక్తాయింపుతో ముగింపు. వెనక ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం) మీద 8 బీమ్ లైట్లు వేలాడుతున్నాయి. ఈవెంట్ల వాళ్లందరూ షార్పీ అనే 230 వాట్ల 7ఆర్ రకం అవి. ముందు వరసలో వేదికంతా వెలుగు పరిచే 4 ఎల్ఈడీ వాష్‌లు, వింగ్‌లో ఒక హేజర్ (పలచటి పొగ వదిలే యంత్రం) ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ క్యూఎల్‌సి ప్లస్ 4. ల్యాప్‌టాప్ నుంచి సొంత ప్రాసెసర్ ఉన్న యూఎస్‌బీ డీఎంఎక్స్ (లైట్లకు ఆజ్ఞలు పంపే పద్ధతి) బాక్స్, అక్కడి నుంచి ఒకే యూనివర్స్, అంటే 512 ఛానళ్ల ఒక లైను. లైటు చేసే పనులు ఛానళ్లుగా విడివిడిగా ఉంటాయి.

ఈ బీమ్ లైట్లు మూవింగ్ హెడ్లు, అంటే తల తిప్పే లైట్లు. మూవింగ్ హెడ్ బరువున్న యంత్రం. దానికి "ఇప్పుడు అక్కడికి వెళ్లు" అని చెప్పిన క్షణానికీ అది చేరే క్షణానికీ మధ్య అర సెకను నుంచి సెకను పైన పడుతుంది. కాబట్టి పాన్ (పక్కలకు తిరగడం), టిల్ట్ (పైకీ కిందికీ వంగడం), కలర్ వీల్ (రంగుల చక్రం), గోబో (బీమ్‌కు ఆకారం ఇచ్చే పలక) లాంటి నెమ్మది ఛానళ్లను చీకట్లో ముందే పంపేయాలి. దెబ్బ మీద షట్టర్ (వెలుగును అడ్డుకునే రేకులు) ఒక్కటే తెరవాలి. ఈ ఐటమ్ మొత్తం ఆ లెక్క మీదే నడిచింది.

టెంపో ఎలా తీయాలి

పాట వింటూ దెబ్బ దెబ్బకూ ట్యాప్ బటన్ కొట్టి టెంపో పట్టుకుంటే 104కీ 106కీ మధ్య ఎక్కడో తేలుతుంది. అది చాలదు. ట్రాక్‌ను ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తరంగాన్ని పెద్దది చేసి, మొదటి సమం (తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ) ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టాలి. ఇక్కడ అది 14.320 సెకన్ల దగ్గరుంది. ముక్తాయింపు చివరి దెబ్బ 174.320 దగ్గర పడింది. మధ్యలో దెబ్బలు లెక్కిస్తే 280. అంటే 160 సెకన్లకు 280 దెబ్బలు, నిమిషానికి సరిగ్గా 105. ఒక్కో దెబ్బ 571.43 మిల్లీసెకన్లు, ఒక 4/4 బార్ 2285.71.

ట్రాక్‌ను క్లిక్ (మెట్రోనోమ్ టిక్కులు) మీద రికార్డు చేశారు కాబట్టే ఈ భాగహారం పనికొచ్చింది. నమ్మే ముందు మధ్యలో ఇంకో రెండు మూడు చోట్ల తరంగం మీద దెబ్బ, లెక్క ప్రకారం రావాల్సిన దెబ్బ ఒకచోటే ఉన్నాయో లేదో చూడాలి. మృదంగం, తాళాలు క్లిక్ లేకుండా రికార్డు చేసిన పాత ట్రాక్ అయితే టెంపో ఊగుతుంది. అప్పుడు ఏ సగటూ పనిచేయదు. ప్రతి నాలుగు బార్లకూ విడిగా గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల మీదే క్యూలు (లైట్లు మారే ఆజ్ఞలు) పెట్టాలి.

రౌండింగ్ దగ్గరే చాలా షోలు జారతాయి. దెబ్బను 0.57 సెకను అని టైప్ చేస్తే ఒక్కో దెబ్బకు 1.43 మిల్లీసెకన్లు తగ్గుతుంది. 280 దెబ్బలకు అది 400 మిల్లీసెకన్లు. చివరికొచ్చేసరికి లైట్లు దెబ్బలో మూడింట రెండు వంతులు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. 571 అని పెట్టినా చివరికి 120 మిల్లీసెకన్ల తేడా మిగులుతుంది. అదే నాలుగు బార్లను ఒక యూనిట్‌గా తీసుకుని 9143 అని పెడితే తేడా యూనిట్‌కు 0.14 మాత్రమే. 32 బార్ల సెక్షన్ పూర్తయ్యేసరికి దాదాపు 1 మిల్లీసెకను. యూనిట్ ఎంత పెద్దదైతే పోగయ్యే తప్పు అంత చిన్నది. పైగా ప్రతి సెక్షన్ మొదట్లో ఎఫెక్ట్‌ను ఆపి కొత్తగా మొదలుపెడితే పాత తప్పు అక్కడితో తెగిపోతుంది.

ఒక్కో అడుగు మిల్లీసెకను వరకు కచ్చితంగా రావాలని తాపత్రయపడక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ సెకనుకు 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకు ఒకసారి విలువలు వదులుతుంది. డీఎంఎక్స్ తీగ మీద ఒక్కో ఛానల్‌కు 44 మైక్రోసెకన్లు పడుతుంది, 512 ఛానళ్ల పూర్తి ప్యాకెట్‌కు దాదాపు 23 మిల్లీసెకన్లు. ఆ మాత్రం ఊగిసలాట కంటికి తెలియదు. తప్పు పోగవకుండా చూసుకోవడమే మన పని.

ట్రాక్‌ను వేవ్ ఫైల్‌గానే వాడాలి. ఎంపీ3 చేసినప్పుడు ఫైల్ మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని ఒక ప్లేయర్ తీసేస్తుంది, ఇంకోటి ఉంచేస్తుంది. గుర్తులు ఒక ఫైల్ మీద పెట్టి, షోలో ఇంకో ఫైల్ వాడితే 14.320 అన్న అంకెకు అర్థం ఉండదు. సౌండ్ వాళ్లకు బ్లూటూత్ మీద పాట ఇవ్వడం అసలే వద్దు. 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం అక్కడే పుడుతుంది. ఇక్కడ పాటను సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ అయిన షో మేనేజర్‌లోనే ఆడియో ట్రాక్‌గా పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి డీఐ బాక్స్ ద్వారా మిక్సర్‌కు ఇచ్చాం. పాట, లైట్లు ఒకే గడియారం మీద నడుస్తాయి.

ప్యాచింగ్ (లైట్లకు అడ్రసులు ఇవ్వడం)

బీమ్‌లు 16 ఛానల్ మోడ్‌లో ఉన్నాయి. అడ్రసులు 1, 17, 33, 49, 65, 81, 97, 113. వాష్‌లు 129 నుంచి, హేజర్ 201. ఈ రకం లైట్లలో చాలావాటికి ఛానళ్ల వరస ఇలా ఉంటుంది: 1 కలర్, 2 షట్టర్, 3 డిమ్మర్, 4 గోబో, 5 ప్రిజం, 10, 11 పాన్, 12, 13 టిల్ట్, 15 రీసెట్, 16 ల్యాంప్. అన్నిటికీ ఇదే ఉంటుందని నమ్మకూడదు. సాఫ్ట్‌వేర్‌లోని సింపుల్ డెస్క్‌లో ఒక్కో ఫేడర్ పైకి నెట్టి, లైటు చేసే పని కంటితో చూసి ఖాయం చేసుకోవాలి. 15, 16 ఛానళ్లను ఏ సీన్‌లోనూ (సేవ్ చేసుకున్న ఛానళ్ల విలువల గుంపు) టిక్ చేయకూడదు. పాట మధ్యలో రీసెట్ పడితే హెడ్ తన చుట్టూ తాను తిరిగి మళ్లీ సిద్ధమయ్యేసరికి సెక్షనే అయిపోతుంది. ల్యాంప్ ఆరితే ఇంకా కష్టం. వేడిగా ఉన్న డిశ్చార్జ్ ల్యాంప్ కొన్ని నిమిషాలు చల్లబడితే తప్ప మళ్లీ వెలగదు.

ఫిక్స్చర్ డెఫినిషన్‌లో (లైటు ఛానళ్ల వివరాలున్న ఫైల్) పాన్ ఫైన్, టిల్ట్ ఫైన్ అనే సూక్ష్మ కదలిక ఛానళ్లు ఫైన్‌గానే నమోదై ఉన్నాయా చూడాలి. 540 డిగ్రీల పాన్‌ను 255 భాగాలు చేస్తే ఒక్కో అడుగు 2.12 డిగ్రీలు, 10 మీటర్ల దూరంలో అది 37 సెంటీమీటర్లు. ఫైన్ లేకపోతే నెమ్మది కదలికలో బీమ్ మెట్లు మెట్లుగా కుదుపుతూ వెళ్తుంది. కొన్ని మోడ్‌లలో పాన్-టిల్ట్ స్పీడ్ ఛానల్ విడిగా ఉంటుంది. దాన్ని పూర్తి వేగం దగ్గరే ఉంచాలి. అది నెమ్మదిలో ఉంటే సాఫ్ట్‌వేర్‌లో ఎంత లెక్క కట్టినా హెడ్ తన లెక్క తాను వేసుకుంటుంది.

ఛానల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కలర్, గోబో ఛానళ్లకు ఫేడ్ తీసేశాం. ఉంచితే తెలుపు నుంచి నీలానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, పసుపు అన్నీ బీమ్‌లో ఒక్కొక్కటిగా దొర్లుతాయి. ఫేడ్ తీసినా వీల్ తిరగడం ఆగదు, ఆ రంగులన్నీ చప్పున దొర్లుతాయి. అందుకే రంగు మార్చడం ఎప్పుడూ షట్టర్ మూసిన తర్వాతే.

ఆలస్యాన్ని కొలవడం

ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు, ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. ఒక ఎల్ఈడీ వాష్‌నూ ఒక బీమ్‌నూ ఒకే సీన్‌లో, ఫేడ్ సున్నాతో వెలిగించి, రెండూ ఫ్రేమ్‌లో పడేలా తీయాలి. ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. బీమ్‌లో ల్యాంప్ ఎప్పుడూ మండుతూనే ఉంటుంది, ముందున్న రేకులు తెరుచుకోవాలి. రెండింటి మధ్య ఫ్రేములు లెక్కిస్తే షట్టర్ ఆలస్యం వస్తుంది. ఇక్కడ 9 ఫ్రేములు, అంటే 37 మిల్లీసెకన్లు. గుండ్రంగా తిరిగే ఎఫెక్ట్‌లో హెడ్ తను ఉండాల్సిన చోటు కంటే 36 ఫ్రేములు, 150 మిల్లీసెకన్లు వెనక నడుస్తోంది.

ఇప్పుడు ధ్వని సంగతి. హాల్ ఉష్ణోగ్రతలో శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు వెళ్తుంది. స్పీకర్ల నుంచి 14 మీటర్ల దూరంలో, హాల్ నడిమి వరసలో కూర్చున్నవారికి దెబ్బ 41 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. షట్టర్ ఆలస్యం 37. రెండూ దాదాపు సరిపోయాయి. అందుకని షట్టర్ క్యూలను ముందుకు జరపలేదు, గ్రిడ్ (టైమ్‌లైన్ మీది దెబ్బల గీతలు) మీదే వదిలేశాం. కదలిక ఎఫెక్ట్‌లకు మాత్రం 150 నుంచి 41 తీసేసి, సుమారు 110 మిల్లీసెకన్లు ముందు నడిపించాం.

ఎల్ఈడీ వాష్‌లు ఈ లెక్కన 40 మిల్లీసెకన్లు ముందుంటాయి. వాటిని వెనక్కి జరపాల్సిన పని లేదు. టీవీ ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ఇచ్చిన సిఫార్సు ప్రకారం, శబ్దం చిత్రం కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవారు పట్టేస్తారు, వెనకొస్తే 125 దాకా పట్టించుకోరు. మెరుపు ముందు, ఉరుము తర్వాత రావడం కంటికి అలవాటే. లైటు దెబ్బ కంటే వెనకబడిందా, ఆఖరి వరస దాకా తెలిసిపోతుంది.

మొదటి 4/4 సెక్షన్

14.320 నుంచి 87.463 దాకా, 32 బార్లు. ఈఎఫ్ఎక్స్‌లో (హెడ్లను ఒక ఆకారంలో తిప్పే ఫంక్షన్) సర్కిల్, లూప్, ప్యారలల్. వెడల్పు 20, ఎత్తు 12, డ్యూరేషన్ 9143. వెడల్పు 20 అంటే పాన్‌లో ఇటు 42 డిగ్రీలు, అటు 42. ఎనిమిది హెడ్లకు స్టార్ట్ ఆఫ్‌సెట్ (చుట్టులో మొదలయ్యే కోణం) 0, 45, 90 అలా 315 దాకా. అల కుడి నుంచి ఎడమకు పాకుతుంది.

110 మిల్లీసెకన్ల ముందస్తును బ్లాక్‌ను టైమ్‌లైన్ మీద ఎడమకు జరిపి ఇవ్వొచ్చు. అయితే గ్రిడ్‌కు అతుక్కునే సెట్టింగ్ ఆపాలి, ఇంకెవరైనా ఫైల్ తెరిచి మళ్లీ ఆన్ చేస్తే బ్లాక్ జారిపోతుంది. అందుకే ఆఫ్‌సెట్‌లోనే కలిపేయడం మేలు. 9143లో 110 అంటే 4 డిగ్రీలు, కాబట్టి 4, 49, 94 అలా. బ్లాక్ గ్రిడ్ మీదే ఉంటుంది. రివర్స్ టిక్ చేసిన హెడ్లు ఉంటే కలపాలో తీయాలో ఒక్క హెడ్ మీద పరీక్షించి చూసుకోవాలి.

సర్కిల్ కేంద్రాన్ని ఎక్కడ పెట్టామన్నది కూడా లయను చెడగొట్టగలదు. బీమ్ నిట్టనిలువుగా కిందికి చూస్తున్నప్పుడు పాన్ ఎంత తిరిగినా బీమ్ తన చోటే తను గుండ్రంగా తిరుగుతుంది, నేల మీద చోటు మారదు. అలాంటి చోట సర్కిల్ నలిగిన ఆకారంలో కనిపిస్తుంది, వేగం ఒకచోట ఆగినట్టు, ఒకచోట ఉరికినట్టు ఉంటుంది. టెంపో తప్పిందనుకుని డ్యూరేషన్ మార్చేవాళ్లు చాలామంది. మార్చాల్సింది టిల్ట్ ఆఫ్‌సెట్. నిలువు నుంచి 30 డిగ్రీలైనా పక్కకు తీస్తే సర్దుకుంటుంది.

మిశ్ర చాపు

ఈ ఐటమ్‌లో కష్టం, అందం రెండూ ఇక్కడే. షో మేనేజర్ గ్రిడ్‌లో 4/4, 3/4, 2/4 ఉన్నాయి, 7 లేదు. జతులు తకిట తకధిమి, 3 ప్లస్ 4. ఒక్కో అక్షరం అర దెబ్బ, 285.71 మిల్లీసెకన్లు. ఏడు అక్షరాల ఆవర్తనం సరిగ్గా 2000 మిల్లీసెకన్లు. 105 టెంపో ఇచ్చిన వరం ఇది. గ్రిడ్‌ను బీపీఎం (నిమిషానికి దెబ్బలు) నుంచి టైమ్‌కు మార్చి, ప్రతి రెండు సెకన్లకు ఒక ఆవర్తనం లెక్కన పేర్చాం. సెక్షన్ 87.463 నుంచి 119.463 దాకా, 16 ఆవర్తనాలు.

ఇక్కడ హెడ్లు కదలవు. ఒక చేసర్ (సీన్లను వరసగా నడిపించే ఫంక్షన్), ఏడు అడుగులు. తకిటకు ఎడమ నుంచి 1, 2, 3 లైట్ల షట్టర్లు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. తకధిమికి 5, 6, 7, 8. నాలుగోది ఆవర్తనమంతా చీకటిలోనే ఉంటుంది. మూడుకూ నాలుగుకూ మధ్య ఆ ఖాళీ కంటికి విరుపులా కనిపిస్తుంది, తాళం తెలియని ప్రేక్షకుడికి కూడా 3 ప్లస్ 4 అర్థమవుతుంది. అడుగుల నిడివి 286, 286, 285, ఆపైన 286, 286, 286, 285. మొదటి మూడూ 857, తర్వాతి నాలుగూ 1143, కలిపితే 2000. అన్నిటికీ 286 పెడితే ఆవర్తనానికి 2 మిల్లీసెకన్ల చొప్పున 16 ఆవర్తనాలకు 32 చేరుతుంది. అది పెద్ద తేడా కాకపోయినా, సరిగ్గా పెట్టడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ రెండూ సున్నా. 286 మిల్లీసెకన్ల అడుగులో 100 మిల్లీసెకన్ల ఫేడ్ పెడితే దెబ్బ మెత్తబడి, లైటు వెనకబడినట్టు అనిపిస్తుంది. ఇదే చేసర్‌ను పాన్-టిల్ట్ మార్పులతో చేయాలనుకుంటే కుదరదు, 286 మిల్లీసెకన్లలో హెడ్ ఎక్కడికీ చేరదు, సగం దారిలోనే తర్వాతి ఆజ్ఞ వచ్చి పడుతుంది.

సెక్షన్ మారే చోట

4/4 నుంచి మిశ్ర చాపులోకి మారే ముందు, 32వ బార్‌లో మూడో దెబ్బ దగ్గర, అంటే 86.320కి, బీమ్‌ల షట్టర్లు మూసి సర్కిల్ ఆపేశాం. అదే క్షణంలో కొత్త పొజిషన్, రంగు, గోబో వెళ్లాయి. చేతిలో రెండు దెబ్బల చీకటి ఉంది, 1143 మిల్లీసెకన్లు. సుమారు 90 డిగ్రీల పాన్‌కు అది సరిపోయింది. అంతకన్నా దూరం తిప్పాల్సి వస్తే ఒక బార్ మొత్తం తీసుకోవాలి. ఆ రెండు దెబ్బలూ వాష్‌లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి డాన్సర్లు చీకట్లో పడరు.

సర్కిల్ ఆపకుండా పొజిషన్ సీన్ పెడితే ఏమవుతుందో చెప్పాలి. పాన్, టిల్ట్‌లకు చివర వచ్చిన విలువదే గెలుపు. ఈఎఫ్ఎక్స్ సెకనుకు 50 సార్లు రాస్తూనే ఉంటుంది, సీన్ పంపిన విలువ నిలబడదు. హెడ్ ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ తిరుగుతుంది. డిమ్మర్ అలా కాదు, రెండింటిలో పెద్ద విలువది గెలుపు. పాత సీన్ ఇంకా నడుస్తుంటే కొత్త సీన్‌లో సున్నా పెట్టినా లైటు ఆరదు. ఆరకపోతే ముందు వెతకాల్సింది నడుస్తున్న ఫంక్షన్ల జాబితాలో.

మిశ్ర చాపు నుంచి మళ్లీ 4/4లోకి వెళ్లేటప్పుడు 16వ ఆవర్తనంలో తకధిమిని వదులుకున్నాం. 118.320కి బీమ్‌లు మూసుకుంటాయి, చేసర్ ఆగుతుంది, కొత్త సర్కిల్ చీకట్లోనే మొదలవుతుంది. ఇది ఒక బార్ సర్కిల్, డ్యూరేషన్ 2286. 1143 మిల్లీసెకన్లు అంటే అందులో సరిగ్గా సగం చుట్టు. కాబట్టి ఆఫ్‌సెట్లకు 180 కలిపాం, 110 మిల్లీసెకన్ల ముందస్తుకు ఇంకో 17. చివరి అంకెలు 197, 242, 287, 332, 17, 62, 107, 152. 119.463కి సమం మీద షట్టర్లు తెరుచుకునేసరికి హెడ్లు అప్పటికే పూర్తి ఊపులో ఉంటాయి. సమం మీదే సర్కిల్ మొదలుపెట్టి ఉంటే ఎనిమిది బీమ్‌లూ వెలుగుతూ తమ తమ చోట్లకు పరుగెత్తడం అందరికీ కనిపించేది.

వేగానికి హద్దు

రెండో 4/4 సెక్షన్ 24 బార్లు. మొదటి సెక్షన్‌లో ఉన్న వెడల్పు 20ని ఒక బార్ చుట్టులో ఉంచితే హెడ్ అత్యధిక వేగం సెకనుకు 116 డిగ్రీలు కావాలి. కాగితం మీద హెడ్ చేయగలదు. కానీ దిశ మారేచోట ఆగి తిరగడానికి టైమ్ చాలక సర్కిల్ కుంచించుకుపోతుంది, ఆలస్యం 150 దాటుతుంది. వెడల్పు 12కి తగ్గించగానే వేగం 70కి దిగి, కదలిక శుభ్రంగా వచ్చింది. ఒక దెబ్బకు ఒక చుట్టు కావాలని కొరియోగ్రాఫర్లు అడుగుతుంటారు. వెడల్పు 20తో అది సెకనుకు 466 డిగ్రీలు. 540 డిగ్రీలు తిరగడానికి రెండు సెకన్లు దాటే హెడ్‌తో జరగని పని. అలాంటప్పుడు చుట్టు ఒక బార్‌కే ఉంచి, దెబ్బ దెబ్బకూ డిమ్మర్‌ను వాష్‌ల మీద కొట్టించాలి. చూసేవారికి వేగం అక్కడి నుంచి వస్తుంది.

ముక్తాయింపు మూడు ఎత్తులను గ్రిడ్ మీద కాకుండా తరంగం మీద గుర్తుల ప్రకారం, వాష్‌లకు ఇచ్చాం. చివరి బార్ అంతా బీమ్‌లు మూసే ఉంటాయి. ఆ చీకట్లో ప్రేక్షకుల తలల పైకి విసనకర్రలా విప్పుకుని, గోబో తీసేసి, తెలుపు పెట్టుకుంటాయి. 174.320కి ఎనిమిదీ ఒక్కసారి తెరుచుకుంటాయి.

తాళంలా కనిపించే ఇతర తప్పులు

హెడ్లు మధ్య మధ్యలో తుళ్లిపడుతుంటే అది టైమింగ్ సమస్య కాదు. చాలాసార్లు మైక్ కేబుల్‌ను డీఎంఎక్స్‌కు వాడి ఉంటారు, లేదా చివరి లైటుకు టెర్మినేటర్ ఉండదు. 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడాలి. ప్రాసెసర్ లేని చవక యూఎస్‌బీ కేబుల్ అయితే డీఎంఎక్స్ సంకేతాన్ని కంప్యూటరే తయారుచేయాలి. యాంటీవైరస్ లేచిన క్షణాన కదలిక నత్తి కొడుతుంది. ఎనిమిది బీమ్‌లూ కలిపి దాదాపు 2.8 కిలోవాట్లు తీసుకుంటాయి. ల్యాంపులన్నీ ఒకేసారి వెలిగించకుండా ఒక్కొక్కటిగా వెలిగించాలి. జనరేటర్ మీద వోల్టేజ్ పడితే హెడ్ తనంతట తానే రీసెట్ అవుతుంది. హేజర్‌ను కనీసం పావుగంట ముందు వేయాలి. పొగ లేకపోతే బీమ్ కనపడదు, చేసిన లెక్కంతా గోడ మీద చుక్కలుగా మిగులుతుంది. ఈ బీమ్‌లు దగ్గరి తెరను కాల్చగలవు కూడా, మాన్యువల్‌లో ఇచ్చిన కనీస దూరం చూసుకోకుండా ఏ పొజిషనూ సేవ్ చేయొద్దు.

రిహార్సల్‌లో పాట మధ్యలోంచి అడుగుతారు. కర్సర్‌ను ఎక్కడపడితే అక్కడ పెట్టి మొదలుపెడితే సర్కిల్ ఏ దశలో ఉంటుందో నమ్మలేం. సెక్షన్ మొదళ్ల నుంచి, వీలైతే వాటికి రెండు దెబ్బల ముందు నుంచి మొదలుపెట్టాలి.

ఇదే ఐటమ్ లైవ్ పాటతో జరిగితే టైమ్‌లైన్ పనికిరాదు. వర్చువల్ కన్సోల్‌లో రెండు సర్కిళ్లకు ఒక స్పీడ్ డయల్, చేసర్‌కు ఇంకోటి, ప్రతి సెక్షన్‌కూ ఒక బటన్, బీమ్‌లన్నీ మూసే బటన్ ఒకటి పెట్టుకోవాలి. ట్యాప్ బటన్ వేగాన్ని ఇస్తుందే గానీ సమం ఎక్కడో సర్కిల్‌కు చెప్పదు. అందుకని ప్రతి ఎనిమిది బార్లకు ఒకసారి సమం మీద సర్కిల్ బటన్‌ను ఆపి మళ్లీ నొక్కాలి. ఆ క్షణంలో బీమ్‌లు మూసి ఉండేలా ముందు బార్ చివరి రెండు దెబ్బలు వాష్‌లకు వదిలేయాలి.